మాట్లాడేవాళ్లకే బొమ్మ

"ఏరా, కోడలు బిగుసుకుపోయిందేమిట్రా?" అని వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది.

నేను కుట్టుమిషన్ ఆపి తలెత్తి చూశాను. మా ఆవిడ బిగుసుకుపోలేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న కంప్యూటర్ కేసి చూస్తూ రెండు చేతులతో పాఠం చెబుతూనే ఉంది. వంటింట్లోకి వెళ్లి అమ్మ ఫోన్ చూస్తే సంగతి తెలిసింది. అమ్మ కూడా రోజూ కూరలు తరుగుతూ ఆ పాఠం చూస్తుంది, కోడలితో మాట్లాడాలంటే తనకీ చేతి మాట కావాలి కాబట్టి. ఫోన్‌లో మా ఆవిడ కుడిచేయి గడ్డం కింద ఆగిపోయి ఉంది. కాసేపటికి ఆ చేయి ఒక్కసారిగా ఒళ్లోకి దూకింది. మధ్యలో చెప్పిందంతా గల్లంతు.

"ఇలా గెంతితే నాకేం బోధపడుతుందిరా? ఇదిగో, ఈ సినిమా చూడు, ధారలా వస్తోంది," అంటూ వేలితో నొక్కి చూపించింది. నిజమే. అదే ఫోను, అదే లైను. సినిమాలో హీరో పరుగెడుతుంటే ఒక్క అడుగు కూడా తప్పిపోవడం లేదు.

మా ఆవిడకి పుట్టినప్పటినుంచీ వినపడదు. ఆవిడ మాటంతా చేతుల్లోనూ ముఖంలోనూ ఉంటుంది. వినపడని పిల్లలున్న తల్లులకి ఇంట్లోనే కూర్చుని ఆ మాట నేర్పుతుంది. ఆ తల్లులకి చెవులు బాగానే పనిచేస్తాయి, కన్నబిడ్డతో మాట్లాడటమే రాదు. వినపడనివాళ్లే కొందరు కలిసి కట్టుకున్న చిన్న వెబ్‌సైట్ ఒకటుంది, పాఠం అందులో జరుగుతుంది. దానికి హంగూ ఆర్భాటం లేదు. అందరి బొమ్మలూ ఒకే కొలతలో, ఎవరి చేతులూ తెగిపోకుండా కనబడతాయి. అంతకుమించి వాళ్లకి అక్కర్లేదు కూడా.

చేతి మాటలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. మనిషిలో కొట్టొచ్చినట్టు కనబడేదాన్ని పట్టుకుని ఒక గుర్తు పెడతారు. అలా ఆ తల్లుల్లో ఒకావిడ ఉంగరాలజుట్టు, ఒకావిడ చెవిపోగు, ఒకావిడ సొట్టబుగ్గ. నాకు పెట్టిన గుర్తు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసుకోవడం. తెలియనివాళ్లు చూస్తే మా ఆవిడ నన్ను తలుచుకున్నప్పుడల్లా ఎవరికో కన్నుకొడుతోందనుకుంటారు.

వీళ్లలో సొట్టబుగ్గ గురించి చెప్పాలి. ఆమె కొడుక్కి నాలుగేళ్లు. ఏం కావాలో చెప్పలేక తల గోడకేసి కొట్టుకునేవాడు. "వాడితో ఎవరమూ మాట్లాడలేనప్పుడు వాడు ఇంట్లో ఉండి ఏం లాభం? బడులు తెరిచేలోపు నువ్వు నేర్చుకుంటే సరే. లేకపోతే హాస్టల్లో వేద్దాం, అక్కడైనా వాడి గోడు వినేవాళ్లుంటారు," అని ఆమె భర్త తేల్చి చెప్పేశాడట. అతను చెడ్డవాడు కాదు, విసిగిపోయాడు. హాస్టల్ ఎక్కడో ఉంది; వెళ్తే సెలవులకే రావడం. ఆ తల్లి ప్రాణమంతా మా ఆవిడ పాఠం మీదే పెట్టుకుంది. ఇప్పుడిప్పుడే పిల్లవాడు ఆమె చేతులకేసి చూడటం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే చేతులు గాలిలో ఆగిపోవడం మొదలైంది.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. మా వీధులన్నిటికీ, ఆ తల్లుల ఇళ్లకీ ఉన్నది ఆ ఒక్క కంపెనీయే. ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"కొత్త ఏర్పాటు వచ్చింది సార్. మాతో ఒప్పందం ఉన్నవాళ్ల సినిమాలు, ఆటలు ముందు వెళ్తాయి. మిగతా వీడియో కొంచెం నిదానంగా వస్తుంది."

"ఎందుకమ్మా నిదానం? నిన్నటిదాకా బాగానే వచ్చింది కదా."

"వినోదం కింద వచ్చే వీడియోలు ఎక్కువైపోయాయి సార్."

"మాది వినోదం కాదు. మా ఆవిడ మాట్లాడటం అది."

"మాట్లాడుకోవడానికైతే ఏ ఇబ్బందీ లేదు సార్. మామూలు కాల్స్ మేం ముట్టుకోలేదు."

"ఆవిడకి వినపడదమ్మా."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "అయితే వీడియో కాల్ చేసుకోమనండి సార్," అంది.

నేను పళ్లు బిగపట్టి మొదటినుంచీ మళ్లీ చెప్పాను. చివరికి తన దగ్గరున్న మందు చెప్పింది. కంపెనీకి సొంత యాప్ ఒకటుందట. ఉచితం. అది ఎప్పుడూ ముందు వరసలోనే వెళ్తుందట.

మా ఆవిడకి ఇష్టం లేదు. "మా ఇల్లు మాకుండగా వాళ్లింట్లో ఎందుకు కూర్చోవాలి?" అంది చేతులతో. సొట్టబుగ్గ కొడుకు సంగతి నేనే గుర్తుచేశాను. సరేనంది.

మొదటిరోజు బొమ్మ అద్దంలా వచ్చింది. "చూశావా, ఊరికే వాళ్లని ఆడిపోసుకున్నావు," అంది అమ్మ. మర్నాడు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. ముఖం కందగడ్డలా ఉంది.

"నువ్వు గుమ్మం దాటావో లేదో కోడలు మాయమైందిరా," అంది అమ్మ. "చెవిపోగు వాళ్లింట్లో కుక్క మొరిగితే తెరంతా ఆ ఇల్లే. ఉంగరాలజుట్టు వాళ్ల అత్తగారు దగ్గితే తెరంతా ఆవిడే. నిండుగా కూర్చుని దగ్గింది మహాతల్లి. పాఠం చెప్పే మనిషేమో ఓ మూల గోరంత. అది కూడా కదలకుండా."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆ యాప్ ఎవరు మాట్లాడితే వాళ్లనే పెద్దగా చూపిస్తుంది. చప్పుడు లేని చోట మనిషి లేనట్టే దాని లెక్క. లేని మనిషి బొమ్మ పంపడం దండగ అనుకుని ఆపేస్తుంది. మొదటిరోజు నేను పక్కనే మిషన్ తొక్కుతున్నాను కాబట్టి, ఆ టకటకలు మా ఆవిడ మాటలనుకుని చూపించింది.

ఇది తయారుచేసినవాళ్లు దుర్మార్గులని నేననను. నోరు మెదపకుండా మాట్లాడేవాళ్లు లోకంలో ఉంటారని వాళ్లకి తట్టలేదు, అంతే. కానీ మా వెబ్‌సైట్‌ని వెనక్కి నెట్టి, ఈ యాప్‌లోకి మమ్మల్ని మెడపట్టి గెంటింది మాత్రం తట్టకపోవడం వల్ల కాదు. తెలిసే చేశారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రోజునుంచి పాఠం జరిగినంతసేపూ మిషన్ తొక్కాను. కుట్టడానికి ఏమీ లేకపోతే పాత గుడ్డ పెట్టి దాన్నే పొడిచాను. దారం చిక్కుపడేది, సూది విరిగేది, అయినా కాళ్లు ఆపలేదు. ఇంతలో ఆ యాప్‌కి కొత్త సదుపాయం వచ్చింది. మీ చుట్టుపక్కల రొద ఇక అవతలివాళ్లకి వినిపించదు అని అదే సంబరంగా చెప్పుకుంది. నా మిషన్ చప్పుడు కూడా రొద కింద లెక్కేసి తీసేసింది. కుక్క కూడా పోయింది, అదొక్కటే మేలు. ఇక దానికి మనిషి గొంతే కావాలి.

అమ్మని తెచ్చి కోడలి పక్కన కూర్చోబెట్టాను.

"ఏం మాట్లాడనురా?"

"ఏదో ఒకటి మాట్లాడు. నీకేమన్నా కొత్తా?"

"అంటే నేను వాగుడుకాయననా?"

"అబ్బే. అదిగో, అలాగే మాట్లాడుతూ ఉండు."

అమ్మ మా మేనమామ భార్యని తలుచుకుని మొదలుపెట్టింది. ఆవిడ మీద అమ్మకి చాలా సరుకుంది. కానీ అదీ అయిపోయింది, గొంతూ పోయింది. అవతల ఆ తల్లుల ఇళ్లలో ఇదే తంతు. తాము చేతులు ఎలా తిప్పుతున్నారో మా ఆవిడకి కనబడాలంటే వాళ్ల ఇళ్లలో కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. ఉంగరాలజుట్టు తన అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని కావాలని తిట్టించుకుంది. "ఇన్నాళ్లకి మా అత్తగారి నోరు నాకు అక్కరకొచ్చింది పిన్నిగారూ," అంది మా అమ్మతో. అందరూ నవ్వారు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే తెర కాబట్టి కాసేపటికి ప్రతి ఇంట్లోనూ అరుపులే. నోటి మాట అవసరం లేని పాఠంలో చెవులు చిల్లులు పడేంత గోల. ఆ గోల మధ్య మా ఆవిడ ఒక్కతే, ఏమీ తెలియకుండా, ఒక్కో వేలూ సరిచేసి చూపిస్తూ.

అమ్మ గొంతు పోయాక నేను కూర్చున్నాను. నాకు కబుర్లు చెప్పడం రాదు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు చదువుకునే ప్రార్థన పుస్తకం తెచ్చుకుని పైకి చదవడం మొదలుపెట్టాను. మంచి పనే కదా అనుకున్నాను. రెండు పుణ్యాలు ఒకేసారి.

మొదట్లో బాగానే ఉంది. తరవాత గమనించాను, నేను దేవుడి మాట మీద కాక తెర మీద కన్నేసి చదువుతున్నాను. బొమ్మ మసకబారితే గొంతు పెంచుతున్నాను. కరుణించు అనే మాట దగ్గర రోజూ మెల్లగా చదివేవాణ్ణి. ఇప్పుడు అక్కడే గట్టిగా అరుస్తున్నాను, ఎందుకంటే మెల్లగా అంటే మా ఆవిడ ఆగిపోతుంది. పొద్దున దేవుడి ముందు కూర్చుంటే నోరు పెగలడం లేదు. స్వామీ, నువ్వు కూడా గొంతు కొలిచి వింటావా అని అడిగాను. పుట్టి ఇన్నేళ్లలో ఒక్క మాట పైకి అనని మా ఆవిడ మొర నీదాకా వచ్చిందా, రాలేదా? వచ్చే ఉంటుందని నా నమ్మకం. నువ్వు ఎవరినీ వెనక వరసలో పెట్టి ఉండవు. మరి మధ్యలో వీళ్లెవరు?

ఒకరోజు పాఠం మధ్యలో మా ఆవిడ నావైపు తిరిగింది. నా పెదవులు చాలాసేపటినుంచి చూస్తోందట.

"ఏం చదువుతున్నావు?" అంది.

పుస్తకం అట్ట చూపించాను.

చేతులు దించేసింది. తెర మీద తల్లులందరూ ఎదురుచూస్తున్నారు. ఆవిడ వాళ్లని పట్టించుకోలేదు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసి, జాగ్రత్తగా అలమరలో పెట్టి వచ్చింది. వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆవిడకి కోపం వస్తే చేతులు వేగంగా ఆడవు, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా వస్తుంది.

"అది నీకూ దేవుడికీ మధ్య మాట. దాన్ని ఆ పెట్టెకి మేతగా వేస్తున్నావా?"

"నీకోసమే కదా," అన్నాను.

"నాకోసం కాదు. నువ్వు నోరు తెరిస్తే నేను కనబడాలి, నువ్వు మూస్తే పోవాలి. నా పాఠానికి నీ గొంతు తాళం. ఇలా అయితే నేను మనిషినా, నీ నీడనా?"

చేతులు రెండూ ఊరికే ఎత్తి దించాను. చేతి మాటలో దానికి అర్థం లేదు, ఉత్త చేతకానితనం అంతే.

"చెప్పులు వేసుకో," అంది. "వాళ్లెక్కడుంటారు?"

కంపెనీ ఆఫీసు బజారు వీధి మలుపులో ఉంది. గాజు తలుపులు, చల్లటి గాలి, గోడంత తెర, దాని పైన చిన్న కెమెరా. ఆ తెర మీద ఎవరో కొండల మీదనుంచి గంతులేస్తున్నారు. కింద పెద్ద అక్షరాలతో, మీరే చూడండి మా వేగం అని ఉంది. జనం బాగానే ఉన్నారు. అమ్మ కూడా మా వెంట వచ్చింది. కౌంటర్ దగ్గర ఎర్రచొక్కా అమ్మాయి నవ్వుతూ, "ఏం చూస్తారు సార్? ఏదైనా పెట్టి చూపిస్తాను," అంది.

"ఏదైనానా?" అన్నాను.

"ఏదైనా సార్. ఇక్కడ మా లైనుకి ఏ అడ్డూ ఉండదు."

నేను మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, కీబోర్డు తనవైపు లాక్కుని, తమ చిన్న వెబ్‌సైట్ పేరు కొట్టింది. తరవాత ఫోన్‌లో తల్లులందరికీ ఒక ముక్క రాసింది. కొండలు పోయాయి. గోడ మీద ఒక్కొక్క ఇల్లే తెరుచుకుంది. ఉంగరాలజుట్టు, చెవిపోగు, ఇంకో ఇద్దరు, సొట్టబుగ్గ. వాళ్ల వైపునుంచి బొమ్మ ముక్కలుముక్కలుగానే వస్తోంది, వాళ్ల ఇళ్ల లైన్లు వాళ్లవే కదా. కానీ మా ఆవిడ బొమ్మ మాత్రం నిలకడగా, మెరుస్తూ ఉంది. ఆవిడ తెరపైన ఉన్న కెమెరా ఎదుట నిలబడి ఆపేసిన పాఠం అందుకుంది.

జనం చుట్టూ చేరారు.

లోపలినుంచి టై సర్దుకుంటూ మేనేజర్ వచ్చాడు. "ఏమిటిది? ఎవరండీ ఈవిడ? ఏమండీ, మిమ్మల్నే," అన్నాడు మా ఆవిడ వీపుకేసి. ఆవిడ పాఠం చెబుతూనే ఉంది. "వినబడటం లేదా?" అని గట్టిగా అన్నాడు.

"లేదు నాయనా," అంది అమ్మ. "ఇది మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ నేనూ అరిచి చూశాను."

నేను జరిగిందంతా చెప్పాను. మేనేజర్ విన్నాడు. చెడ్డగా ఏమీ మాట్లాడలేదు, నాకు దానికే ఇంకా మండింది.

"మీ బాధ నాకు అర్థమైంది సార్. కానీ సిస్టమ్‌లో వీడియో అంటే ఒకటే. లోపల ఏముందో దానికెలా తెలుస్తుంది?"

"లోపల ఏముందో తెలియనప్పుడు దేన్ని ఆపాలో ఎలా తెలిసింది?" అన్నాను. "సినిమా అని తెలిసి వదులుతున్నారుగా. వాళ్లు మీకు చెల్లిస్తున్నారు, ఈ చిన్నవాళ్లు చెల్లించలేరు. అదీ మీ సిస్టమ్."

జనంలోంచి ఒక పెద్దాయన, "మా అమ్మాయి పరీక్షల పాఠాలు ఆగిపోయేది కూడా ఇందుకేనా? నేను ఆ పిల్లని, ఫోన్ పాడుచేశావని నానా మాటలూ అన్నానే," అన్నాడు. ఇంకెవరో, "మా ఇంట్లోనూ అంతే," అన్నారు. మేనేజర్ చుట్టూ చూశాడు. నన్ను చేయిపట్టి పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"ఒక పని చేస్తాను సార్. మీ ఇంటి లైను ఒక్కదానికి ఈ అడ్డు తీయించేస్తాను. ఇవాళే. బయట మాత్రం చెప్పకండి."

అబద్ధం ఎందుకు, నా ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ పాఠం బతుకుతుంది, నా ప్రార్థన నాకు దక్కుతుంది. దణ్ణం పెట్టబోయిన చేతుల్ని ఆపుకుని వెళ్లి ఆవిడకి చెప్పాను.

ఆవిడ అడిగింది ఒక్కటే. "సొట్టబుగ్గ ఇంటికి?"

మేనేజర్‌ని అడిగాను. "అందరికీ ఎలా కుదురుతుంది సార్? అందరినీ ఒకేలా వదిలేస్తే ఇక ముందు వరస అని పెట్టుకోవడం ఎందుకు?" అన్నాడు.

ఆ మాట ఉన్నదున్నట్టు ఆవిడకి చేతులతో చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది, కాసేపటి క్రితం దానికే ఒప్పుకోబోయాను కదా అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వాళ్ల చేతులు నాకు కనబడకపోతే ఎవరివి సరిచేయను? ఆ మేనేజర్ చేతులా? నా ఒక్కదాని తలుపు తీస్తే నేను ఖాళీ వీధిలోకి మాట్లాడినట్టే. వద్దని చెప్పు. రేపు కూడా ఇక్కడికే వస్తాను. ఎల్లుండి కూడా. ఆ తల్లుల్లో రాగలిగినవాళ్లని పిల్లలతో సహా ఇక్కడికే రమ్మంటాను. అందరికీ తీసేదాకా మాకు ఇదే బడి."

నేను అదే చెప్పాను. ఈసారి అందరికీ వినబడేలా చెప్పాను.

"ఇది షాపండీ," అన్నాడు మేనేజర్.

"మీరే చూడండి మా వేగం అని రాసుకున్నారుగా. చూస్తున్నాం," అంది అమ్మ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. మంచినీళ్లు ఎక్కడుంటాయని ఎర్రచొక్కా అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి మేనేజర్ ముఖం చూసి, ఆ తరవాత వెళ్లి నీళ్లు తెచ్చింది.

మేనేజర్ చేయి ప్లగ్గు దాకా వెళ్లింది. చుట్టూ ఉన్న జనం అతని చేతికేసి చూస్తున్నారు. వెనక్కి తీసుకున్నాడు. నాతో లాభం లేదనుకున్నాడేమో, మొదటిసారి మా ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడి, ఆవిడ కళ్లకి కనబడేలా చేయి ఊపాడు.

అప్పటికి తెర మీద సొట్టబుగ్గ ఒళ్లోకి కొడుకు వచ్చి కూర్చున్నాడు. బొమ్మ ఆగుతూ సాగుతూ ఉంది. వాడు చిన్న చేతిని ఎత్తి ఏదో అన్నాడు, సగం కనబడింది, సగం లేదు. మా ఆవిడ తెరకి దగ్గరగా జరిగి, ఇంకోసారి చెప్పు నాన్నా అంది వాడితో. మేనేజర్ మళ్లీ చేయి ఊపాడు. ఆవిడ తల తిప్పకుండానే అరచేయి అతని వైపు చాపి ఆపింది. పిల్లవాణ్ణి చూపించింది, ఆ తరవాత మేనేజర్‌ని.

"ఏమంటున్నారు?" అని అతను నన్ను అడిగాడు.

"ముందు ఆ పిల్లవాడు. తరవాత మీరు," అన్నాను.